వారధి మీద కుంభకర్ణుడు

మా ఇంట్ల మొగోళ్లు ఆడోళ్ల మొకం చూసి మాట్లాడరు. కోపమేం లేదు, అలవాటు లేదు అంతే. మా ఆయన నాగనాథ్ మోండా గల్లామార్కెట్ల అడత దుకాణం నుంచి పొద్దుమీకి ఇంటికచ్చి "నీళ్లు" అంటడు, చెంబు అందిస్త. "అన్నం" అంటడు, కంచం పెడ్త. పండుకునేది బయట అరుగు మీద, తమ్ముని పక్కన. మరి ఇద్దరు పిల్లలు ఎట్ల పుట్టిన్రంటరా, పుట్టిన్రు, దేవుని దయ. మాటలకే నోచుకోలే.

కానీ యాడాదిల ఒక్క కాలం నాది. ఎడ్ల పండుగ, పొలాల అమాస కాడి నుంచి దసరా దాకా, దీపాలు పెట్టినంక, అన్నాలకు ముందుగాల, నడిమింట్ల చాప మీద ఆయన ఒక దిక్కు, నేనొక దిక్కు కూసుంటుంటిమి. నడుమ గళ్ల బట్ట. ఆ గంటసేపు మా ఆయన నా మొకం చూస్తుండె. "ఎటు అస్తవు ఇగ, చెప్పు" అని నవ్వుతుండె. "జర ఆలోచన చెయ్యి వత్సలా" అని పేరు పెట్టి పిలుస్తుండె. రోజు ఓడిపోతుంటి. ఓడుడు గూడ తియ్యగనే ఉంటుండె.

మా అత్త అనుసూయాబాయి కోడలి నీడ వెడల్పుగ పడ్డా తప్పు పట్టే మనిషి. అసుంటి అత్త గూడ ఆ గంటసేపు ఏమనకపోయేది, ఎందుకంటే అది సరావు. సరావంటే అసలు ఆటకు ముందుగాల ఇంట్ల ఆడి చెయ్యి తిప్పుకునుడు. అసలు ఆట దసరా నాడు, నాయ్‌గావ్ నుంచి అచ్చే మేనబావ కిషన్‌రావు తోని. మా మామ తండ్రి టేకు కట్టెతోని లంక బొమ్మలు చెక్కిపిచ్చిండు. ఆయన పోయినంక అవి కొడుకింటియా, బిడ్డింటియా అని పంచాది వడితే, "దసరా నాడు ఆడుండ్రి, గెలిసినోని ఇంట్ల యాడాది ఉంటయి" అని పెద్దమనుషులు తేల్చిన్రట. ఆ బొమ్మలు నాయ్‌గావ్ పోయి శానేండ్లయింది. అత్త మాత్రం దేవునర్రల వాటి జాగ రోజు తుడిచి ఖాళీగ ఉంచుతది. దసరా పోయినంక దీపావళి దాకా మూతి ముడుచుకుని తిరుగుతది.

బొమ్మలే లేకుంటె సరావెట్ల అంటరా, నేనే చేస్తుంటి. పొలాలకు ఎడ్లను చేసినంక మిగిలిన మట్టితోని కోతుల్ని, రాక్షసుల్ని చేసి నీడకు ఎండవెడ్తుంటి. కోతులకు పసుపు, రాక్షసులకు బొగ్గు. కుంభకర్ణుడు పిడికెడంత.

ఆట గిట్ల. బట్టకు ఇటు రాముని దండు, అటు లంక, నడుమ మూడు వరసలు సముద్రం. కోతులు సముద్రం దాటి అశోకవనం గడిల కాలు పెడితే రాముని దిక్కు గెలిసినట్టు, పెట్టనియ్యకుంటె లంక గెలిసినట్టు. సముద్రంల దించిన కోతి రాయి అయితడు, ఇగ లేవడు, మిగిలినోళ్లు వాని మీది నుంచి నడుస్తరు. అట్ల ఒక్కొక్కన్ని పోగొట్టుకుంట దాటుడే. మారోతి, అంటే హనుమంతుడు, మాత్రం ఒక్కపాలి దేహం పెంచుతడు, అప్పుడు మూడు గళ్లు ఆయనవే. అటు కుంభకర్ణుడు పండుకుని ఉంటడు. లంకోళ్లు ఆయన్ని ఒక్కపాలి, లంకల ఏ గడిల నుంచైనా లేపచ్చు. లేస్తే మూడు ఎత్తులు ఎదురు పడ్డోన్నల్లా మింగుతడు, మూడో ఎత్తు కాంగనే నిలవడ్డకాడనే పడి సస్తడు, ఆ పీనుగ పడ్డ గడిల నుంచి ఇగ ఎవ్వలు పోరాదు. అందుకే అందరు ఆయన్ని ఆఖరికి, అశోకవనం వాకిట్లనే లేపుతరు. మీకు గింత ఎరికైతే సాలు.

ఎమర్జెన్సీ పోయిన యేడు మా మరిది విశ్వేశ్వర్ లగ్గమైంది. మరిది సర్కారు ఎస్టీ బస్సు కండక్టర్, నాందేడ్ నుంచి నాయ్‌గావ్ పోయే బస్సు మీద డ్యూటీ. పిల్లది ముఖేడ్ దిక్కు, పేరు ఇందుబాయి. ఆషాఢం పుట్టింట్ల ఉండి శ్రావణంల కాపురానికచ్చింది. సన్నగ, నల్లగ, పండ్లు జర ముందుకు. చూసినంక నా పానం నిమ్మలమైంది, అబద్ధమెందుకు చెప్పాలె. యారాలు అందగత్తె అయితే ఆ బాధ వేరే ఉంటది.

మా దిక్కు తమ్ముని పెండ్లాం బావ ఎదుటికి రాదు. బావ ఇంట్లకస్తే ఆమె వంటింట్లకు పోవాలె. మాట బావకు వినవడచ్చు గానీ బావతోని మాట్లాడద్దు. ఇందు ఈ నేమమంతా మంచిగనే పాటించింది. పాటించుకుంటనే నా కొంప ముంచింది.

పొలాల అమాస తెల్లారి నేను బొమ్మలు ఎండవెడ్తుంటె అచ్చి పక్కన కూసున్నది.

"అక్కా, నీ కోతులకు తోకలెక్కడ వోయినయి?"

"మట్టి తోకలు ఇరుగుతయి."

"సీపురు పుల్లలు గుచ్చరాదు?"

నేను ఊకున్న. ఆమె ఊకోలే. సీపురు పుల్లలు ఇరిసి ప్రతి కోతికి ఒక్కటి గుచ్చింది. పొద్దుమీకి మా ఆయన చాప మీద కూసోంగనే ఒక కోతిని చేతిల వట్టుకుని తిప్పి చూసిండు.

"ఈసారి తోకలు మంచిగ పెట్టినవే."

"నేను పెట్టలే. నీ మరదలు పెట్టింది."

"ఔనా" అని మల్లొక్కపాలి చూసిండు. ఇన్నేండ్ల సంది బొమ్మలు చేస్తున్నది నేను. మట్టి పిసికింది నేను, వేళ్లు పగిలింది నావి. ఒక్కపాలి గూడ చేతిల వట్టి తిప్పి చూడలే మనిషి. పొరుగింటి పుల్లకూర రుచి అంటరు, మా ఇంట్ల వంటింటి పుల్లకూరనే రుచయింది.

ఆ దినం నేను రాముని దిక్కు, ఆయన లంక దిక్కు. ఎప్పటి లెక్కనే సముద్రం కాడ చిక్కువడ్డ. నలుగురు కోతులు రాళ్లయిన్రు, దండు సగమైంది. అత్త మూలకు కూసుండి ఒత్తులు చేస్తున్నది. అప్పుడు వంటింటి తలుపెనుక నుంచి సన్నగ మాట వినవడ్డది.

"అక్కా, మారోతిని సముద్రంల పండవెట్టు."

అత్త చెయ్యి ఆగింది. మా ఆయన చెయ్యి ఆగింది. మా ఇంట్ల శనివారం మారోతికి నూనె పొయ్యకుంట ఎవ్వలు మంచినీళ్లు ముట్టరు. మారోతిని సముద్రంల పండవెట్టి ఆయన మీది నుంచి కోతుల్ని నడిపిచ్చుడంటే ఏమన్నట్టు.

"ఏందే పిల్లా, దేవున్ని తొక్కిపిస్తవా?" అన్నది అత్త.

"ఎక్కేది రాముని దండే గద అత్తమ్మా. రామునోళ్లను మోసుడు మారోతికి సేవనే అయితది."

అత్త తల వంచుకుని మల్ల ఒత్తులు పట్టింది. కోడలి మాటకు అత్త గట్ల తగ్గుడు నేను కాపురానికచ్చిన కాడి నుంచి చూడలే. మా ఆయన బొమ్మల దిక్కు చూస్తున్నడు. "పెట్టు, చూద్దాం" అన్నడు.

నేను చెంపలు వేసుకుని మారోతిని పండవెట్టిన. దేహం పెరిగిన గుర్తుకు ఇటొక గవ్వ, అటొక గవ్వ పెడితే మూడు వరసలు ఒక్కతీర్గ మూసుకున్నయి. ఇంకొక్క కోతి గూడ రాయి కాలే. మిగిలిన దండంతా వరసకట్టి మారోతి మీది నుంచి లంకల దిగింది. మా ఆయన రాక్షసులు ఇంకా సదురుకోనే లేదు. అన్నం ఉడికేలోపట అశోకవనం పోయింది.

మా ఆయన నవ్విండు. నాతోని ఆడినప్పుడు నవ్వే నవ్వు కాదది. పొట్ట పట్టుకుని, కండ్లల్ల నీళ్లచ్చేదాక నవ్విండు.

"మరదలికి చెప్పు, ఇసుంటి ఎత్తు నేను పుట్టినంక చూడలేదని."

నాకు చెప్పుమంటున్నడు. ఆమె మూరెడు దూరంల తలుపెనుక ఉన్నది, ఆమెకు వినవడ్డది. అయినా నేను అటు తిరిగి, "చూడలేదట" అన్న.

"మా మేనమామ ఆడుతుండె అని బావకు చెప్పక్కా."

"వాళ్ల మేనమామ ఆడుతుండెనట" అని ఇటు తిరిగి చెప్పిన.

తెల్లారి నుంచి నా గంట నాది కాకుంట పోయింది. జాగ నాదే. చాప మీద ఆయన ఎదుట కూసునేది నేనే. కానీ ఆట ఇందుది. ఆమె వంటింట్ల బండ మీద సుద్దతోని గళ్లు గీసుకుని, చింతగింజలు కోతులని, అండ్ల పెద్దగింజ మారోతి అని, బొగ్గుముక్కలు రాక్షసులని, ఉల్లిగడ్డ కుంభకర్ణుడని పెట్టుకున్నది. ఆయన ఎత్తు వేస్తే నేను అటు చెప్పాలె. ఆమె ఎత్తు చెప్తే నేను ఇటు కదపాలె. ఆట అయినంక ఇద్దరు లెక్క తీస్తరు. "ఎక్కడ తప్పిన అడుగు" అంటడాయన. "ఎడమ దిక్కు రాక్షసున్ని తొందర పడి దించిండని చెప్పక్కా" అంటదామె. ఇద్దరికి ఇద్దరి మాటలు వినవడ్తనే ఉంటయి. అయినా ప్రతి మాట నా నోట్లెనుంచి పోవాలె, నేమం గద. మా ఆయన నా మొకం చూస్తనే ఉంటడు, కానీ కండ్లు నా నెత్తి మీది నుంచి తలుపు దిక్కు పోతుంటయి. నేను మనిషిని కాదు, వారధిని. నన్ను తొక్కుకుంట మాటలు ఇటటు నడుస్తున్నయి.

కడుపుల మంట అంటరు గద, అది మాట వరసకు కాదు. నిజంగనే మండుతది. నేను ఆ వానకాలం మజ్జిగ తాగి తాగి సచ్చిన.

ఇంక పైకెళ్లి మా మరిది. "నా పెండ్లాం మా అన్నను ఓడగొట్టింది" అని గల్లీ అంత చెప్పుకుంట తిరిగిండు. వాని నోట్లె నువ్వుగింజ నానది. డ్యూటీ మీద గూడ గదే ముచ్చట. వాడు చెప్పుకునుడు చూస్తె గూడ నాకు మండె. నా మొగడు నా గురించి బయట ఒక్క ముక్క చెప్పి ఎరుగడు, కూర మంచిగున్నదని గూడ.

గణపతులు లేసి నీళ్లల్ల కలిసినంక ఒకనాడు నాకు సహించలే. ఇందు తలుపెనుక నుంచి "కుడి దిక్కు చివరి కోతి ముందటికి" అన్నది. నేను ఎడమ దిక్కు కోతిని జరిపిన. నాకు అట్లనే మంచిదనిపిచ్చింది. నా చెయ్యి, నా మట్టి, నా కోతి. నేనెందుకు నా ఆట ఆడద్దు అనుకున్న.

మా ఆయన బట్ట దిక్కు చూసిండు. ఎక్కువసేపు చూడలే, ఒక్క రెప్పపాటే. అటెనుక నా మొకం చూసిండు, ఆ నెలల మొదటిపాలి నిజంగ చూసిండు.

"గిది నీ ఎత్తు" అన్నడు. "ఆమెది కాదు."

"ఎట్ల తెలిసె?"

"తెలుస్తది గద" అని నవ్వి, ఆ కోతిని మింగి పక్కకు పెట్టిండు. "మల్లొక్కపాలి అడుగు, ఆమె ఏమన్నదో."

కొట్టినా గంత బాధ కాకపోవు. ఏండ్ల సంది ఎదుట కూసుంటె ఆయనకు నా ఆట గింత మంచిగ తెలిసిపోయింది, ఏ ఎత్తు పనికిరాదో అది నాదని. నేను కోతిని తీసి మల్ల కుడి దిక్కు పెట్టిన. ఇందు తలుపెనుక నుంచి ఏమనలే. అన్నా బాగుండు, తిడ్తుంటి.

ఆ తెల్లారి నుంచి నా మనసుల ఒక్కటే. ఆమె ఓడాలె. నాకు గెలుపు అక్కెర లేదు, బొమ్మలు అక్కెర లేదు, ఆమె ఆ మారోతి ఎత్తు వేసి ఓడాలె, ఓడి తలుపెనుక నోరు మూసుకుని కూసోవాలె. కానీ ఆ ఎత్తుకు మందే లేదు. మా ఆయన రాముని దిక్కు తీసుకుని మారోతిని పండవెట్టి చూసిండు, ఇందు లంక దిక్కు ఆడి తనే ఓడింది. "దీనికి అడ్డం లేదని బావకు చెప్పక్కా. దసరా నాడు రాముని దిక్కు అస్తె సాలు" అన్నది. ఎవరికి ఏ దిక్కో గవ్వలు వేసి తేల్చుకుంటరు. రాముని దిక్కు రావాల్నని అత్త మాహూర్ రేణుకమ్మకు మొక్కుకున్నది.

మద్యాన్నం అత్త కునుకు తీస్తది, ఇందు బోరింగు కాడికి నీళ్లకు పోతది. ఆ సందుల నేను వంటింట్ల ఆమె గీసుకున్న గళ్ల ముందట కూసుంటుంటి. చింతగింజల్ని వరసకట్టిపిచ్చి మారోతి మీది నుంచి నడిపిస్త, బొగ్గుముక్కల్ని ఎటు జరిపినా అంతే. రోజూ ఓడుడే. నాతోని నేనే ఆడి నేనే ఓడుడు. సరావు పొద్దుమీకి వాళ్లిద్దరిదైతే, నాది గా మద్యాన్నం సరావు. వాళ్లు లెక్క తీసిన మాటలన్ని నా నోట్లెనుంచి పోయినయే గద, అన్ని యాదికే ఉన్నయి. ఆయన ఎక్కడ తొందర పడ్తడో తెలుసు. ఆమె ఎక్కడ నిమ్మలంగ ఉంటదో తెలుసు. ఇద్దరి ఆట తెలిసింది నాకొక్కదానికే.

పెత్తరమాస ముంగట ఒకనాడు అట్లనే కూసుండి గింజల దిక్కు చూస్తున్న. కోపం నెత్తికెక్కి ఉన్నది. మాటలు నా మీది నుంచి ఇటు పోతున్నయి, అటు పోతున్నయి. వీళ్లకేం, మంచి వారధి దొరికింది అనుకున్న. అనుకున్నంక మారోతి దిక్కు చూసిన. ఇటు పోవుడు, అటు పోవుడు. మరి మారోతి మీద ఇటోళ్లే అటు పోవాల్నా? అటోడు ఇటు రావద్దా?

ఉల్లిగడ్డను లేపిన. వారధి కాడికి తెచ్చిన. చెయ్యి ఆగింది.

మారోతి మీద రాక్షసుడు కాలు పెట్టుడు. రాముని కోతులు నడుస్తె సేవ అన్నది ఇందు, సరే. రాక్షసుడు నడుస్తె ఏమంటం? అందుకే ఈ ఎత్తు మా ఆయనకు తట్టలే, ఇందుకు గూడ తట్టలే. మా ఇండ్లల్ల పుట్టినోళ్లకు తట్టది. కుళ్లుతోని కండ్లు మూసుకపోయినదానికే తడ్తది.

చెంపలు వేసుకున్న. కానీ ఉల్లిగడ్డను వెనుకకు తియ్యలే. వారధి ఎక్కిపిచ్చిన. కోతులన్ని ఒక్క వరసల ఉన్నయి, పక్కకు జరుగుదామంటె సముద్రం. ఎదురుంగ అచ్చినోన్నల్లా మింగిండు. మూడో ఎత్తుకు వారధి నడుమ పడి సచ్చిండు, తొవ్వ మూసుకున్నది. గంతే. నేను గింజలన్ని మల్ల ఎక్కడియక్కడ పెట్టి, ఇందు బిందెతోని లోపటికచ్చేసరికి పొయ్యి ఊదుకుంట కూసున్న.

ఎవ్వలికి చెప్పలే. ఆయనకు చెప్తె తలుపు దిక్కు తిరిగి "మరదలికి చెప్పు" అంటడు. అది నాది. నాదిగనే ఉండనీ అనుకున్న.

దసరా నాడు మద్యాన్నం బచ్చాలు తిన్నంక కిషన్‌రావు అన్న తలపాగ తీసి పక్కకు పెట్టి, ఎర్రబట్ట మూట ఇప్పి టేకు బొమ్మలు బట్ట మీద పేర్చిండు. నూనె రాసి రాసి నల్లగ మెరుస్తున్నయి. అత్త వాటిని చూసిన చూపుతోని నా పిల్లల్ని గూడ ఎన్నడు చూడలే. జమ్మికి పోయేలోపట ఆట ముగవాలె. గవ్వలు వేసిన్రు. రాముని దిక్కు కిషన్‌రావు అన్నకచ్చింది.

మా ఆయన మొకం మాడింది. అయినా, వాళ్లకు మారోతి ఎత్తు తెల్వదు గద అని ధైర్యం చేసుకుని కూసున్నడు. ఇందు తలుపెనుక ఉన్నది. మరిది సెలవు పెట్టి గోడకు ఒరిగి కూసున్నడు. నేను చాయ పళ్లెం పట్టుకుని వంటింట్లనుంచి అచ్చిన.

కిషన్‌రావు అన్న కోతుల్ని ఒడ్డుకు తెచ్చిండు. చెంపలు వేసుకున్నడు. మారోతిని సముద్రంల పండవెట్టి ఇటొక గవ్వ, అటొక గవ్వ పెట్టిండు.

మా ఆయన కండ్లు ఇంతింత చేసి ఆయన దిక్కు చూసిండు.

"గట్ల చూస్తవేంది నాగనాథ్" అన్నడు కిషన్‌రావు అన్న. "మీ విశ్వేశ్వరే చెప్పిండు, టికెట్ చింపుకుంట. నా పెండ్లాం గిట్ల ఆడ్తది, గట్ల ఆడ్తది అని. నేను బస్సు దిగేదాక ఇన్న."

మరిది తల వంచుకున్నడు. అత్త వాని దిక్కు చూసింది గానీ పండుగ నాడని ఊకున్నది. కోతులు వరసకట్టి వారధి ఎక్కినయి. మా ఆయన ఎత్తు. ఆయన తల ఎత్తి చూసిండు. నేను ఎదురుంగ చాయ పళ్లెం పట్టుకుని నిలవడి ఉన్న. ఆయన చూసింది నన్ను కాదు. నన్ను దాటి తలుపు దిక్కు చూసిండు. అక్కడి నుంచి ఏమన్న అస్తదేమో అని చూస్తున్నడు. అక్కడి నుంచి ఏం రాలే. రాదని నాకు తెలుసు.

ఆయన మీది ప్రేమతోని అన్నననుకోకుండ్రి. ఆ చూపు నాకు సహించలే, అంతే.

"కుంభకర్ణున్ని లేపు" అన్న.

ఆయన నా దిక్కు తిరిగిండు. "అప్పుడే?"

"లేపి వారధి ఎక్కించు."

"వత్సలా" అన్నది అత్త. "పండుగ పూట ఏం మాటే అది."

మా ఆయన కుంభకర్ణున్ని చేతిలకు తీసుకున్నడు. ఎత్తు ఆయనకు అర్థమైంది, కండ్లల్ల కనవడ్డది. వారధి కాడి దాకా తెచ్చిండు. మారోతి మొకం పైకి ఉన్నది, నూనె మరకలతోని. బొమ్మను మల్ల కింద పెట్టిండు.

"నాతోని కాదు" అన్నడు సన్నగ.

నేను చాయ పళ్లెం కింద పెట్టిన.

"జరుగు."

ఆ ఇంట్ల ఆ మాట నేను ఆయనతోని ఎన్నడనలే. ఆయన జరిగిండు. ఆయన జాగల కూసున్న. నెల దాటె, అవుతలోళ్ల ఎత్తులే కదిపిన చెయ్యి నాది. ఈపాలి ఎవ్వలు చెప్పలే. కుంభకర్ణుడు మట్టోని లెక్క కాదు, బరువున్నడు.

"చెల్లె" అన్నడు కిషన్‌రావు అన్న, "మారోతి మీద రాక్షసున్నా?"

"నువ్వు ఆయన్ని వారధి చేసినవు గదనే అన్నా. వారధి అన్నంక ఇటోళ్లే నడువాల్నని తాత చెప్పిండా?"

ఆయన గడ్డం గోక్కున్నడు. ఆలోచన చేసిండు. ఆఖరికి అత్త దిక్కు తిరిగిండు. "అత్తా, పెద్దదానివి నువ్వు చెప్పు."

అత్త వద్దంటె అయిపోయేది. అత్త నా మొకం చూసింది. మారోతిని చూసింది. దేవునర్రల ఖాళీ జాగ దిక్కు చూసింది. ఆ జాగను శానాసేపు చూసింది. అటెనుక కొంగు నెత్తి మీదికి గుంజుకుని గోడ దిక్కు తిరిగి కూసున్నది.

"నాకు కండ్లు మసక" అన్నది. "నేనేం చూడలే."

"మారోతీ, తప్పయితే నా మీద" అనుకుని కుంభకర్ణున్ని వారధి ఎక్కిపిచ్చిన. మొదటి ఎత్తుకు ముందటోళ్లు పోయిన్రు. రెండో ఎత్తుకు కిషన్‌రావు అన్న వెనుకకు తీద్దామని చూసిండు, వెనుకోళ్లు జాగ ఇయ్యరు గద. మూడో ఎత్తుకు కుంభకర్ణుడు వారధి నడుమ కూలిండు. తొవ్వ మూసుకున్నది. ఇటు మిగిలిన కోతులతోని ఇంకొక వారధి కాదు. ఆయన కాసేపు చూసి, బొమ్మల మూటకట్టే ఎర్రబట్టను నా దిక్కు జరిపిండు.

"తాడి తన్నేటోడుంటె వాని తల తన్నేటోడుంటడు" అన్నడు. "ఉంచుకోండ్రి. వచ్చే దసరాకు అస్త."

అప్పుడు తలుపు సప్పుడైంది. ఇందు బయటికచ్చింది. రావాల్నని అచ్చినట్టు లేదు. నెత్తి మీద కొంగు లేదు, చేతికి పిండి ఉన్నది. బావ ఉన్నడని గానీ, బయటి మనిషి ఉన్నడని గానీ సోయి లేదు. చాప మీద నా ఎదుట కూలవడి బట్ట దిక్కు కండ్లార్పకుంట చూసింది.

"అక్కా, ఇది నీకెట్ల అచ్చింది?" అన్నది. "నాకెందుకు రాలే?"

ఆమె గొంతు నాకు గుర్తు పట్టచ్చింది. ఎంత కడుపు మండితే ఆ గొంతు అస్తదో నాకు తెలుసు, నెల సంది నాది గదే గొంతు. నా పానం సల్లవడ్డది. మజ్జిగతోని ఆరని మంట అప్పుడు ఆరింది.

అత్త గోడ దిక్కు నుంచి తిరిగి కోడల్ని చూసింది. బావ ఎదుట, నెత్తి మీద కొంగు లేకుంట. నోరు తెరిసింది. ఇంతకుముందే కండ్లు మసకన్నది గద, ఇప్పుడేం చెప్తది. నోరు మూసుకున్నది.

పొద్దుమీకి జమ్మి తెచ్చి అందరి చేతులల్ల పెట్టుకుంట మా ఆయన నా కాడికచ్చిండు. ఆకులు చేతిల పెట్టి పోలే, నిలవడ్డడు.

"నీకెవలు నేర్పిన్రు?"

"మీ ఇద్దరే."

"మేమెప్పుడు నేర్పినం?"

"నడుమ నేను కూసున్న గద" అన్న.

శనివారం అత్త నా చేతికి నూనె గిన్నె ఇచ్చి మారోతి గుడికి తోలింది, నీ పాపం నువ్వే కడుక్కోమని. నేను అచ్చేసరికి దేవునర్రల బొమ్మలకు పూలు పెట్టి, కుంభకర్ణునికి గూడ ఒకటి పెట్టింది. ఎవ్వలు చూడలేదనుకున్నది.

దసరా పోయిందంటె చాప చుట్టి అటక మీద పెట్టుడే, మల్ల పొలాల దాకా దించేది లేదు. ఆ శనివారం పొద్దుమీకి మా ఆయన మోండా నుంచి అచ్చి కాళ్లు కడుక్కుని, తనే చాప దించి పరిసిండు. టేకు బొమ్మలు తెచ్చి పేర్చిండు. తన జాగల కూసుండి నన్ను పిలిసిండు.

"వత్సలా, రా. వచ్చే యేటికి సరావు."

ఏండ్ల సంది నేను అడగలేక సచ్చింది గదే. పేరు పెట్టి పిలిసిండు, పండుగ లేకున్నా చాప పరిసిండు, నా మొకమే చూస్తున్నడు, తలుపు దిక్కు కాదు. చేతులు తుడుసుకుని అచ్చిన. నాకంటె ముందే ఇందు చాప కాడ నిలవడి ఉన్నది, కొంగు నడుముకు చెక్కుకుని. అత్త కండ్లు దసరా నాటి నుంచి ఇంకా మసకనే ఉన్నయి.

"అక్కా, నాతోని ఆడాలె నువ్వు" అన్నది. "నా మారోతి ఎత్తును కూల్చినవు. ఊకుంటనా?"

ఆయన దిక్కు చూసిన. ఆమె దిక్కు చూసిన. ఆమె కండ్లు మండుతున్నయి. ఆ కండ్లతోని ఆడేటోళ్ల ఎదుట కూసుంటెనే ఆట. ఆయనతోని ఆడితే ఎప్పటి లెక్క నవ్వుతడు, గంతే.

"జరుగు" అన్న మా ఆయనతోని.

"మల్లనా?"

"జరుగు జర."

ఆయన లేసి వంటింటి తలుపు కాడికి పోయి గడప మీద కూసున్నడు. కొత్తల ఇందు కూసున్న జాగ అదే. ఇందు రాముని దిక్కు తీసుకున్నది, నేను లంక దిక్కు. నాలుగు ఎత్తులైనయో లేదో తలుపు కాడి నుంచి మాట అచ్చింది.

"మారోతిని ఇప్పుడే దించద్దని ఆమెకు చెప్పు."

"నువ్వే చెప్పుకో" అన్న. "మూరెడు దూరమే గద."

ఆయన చెప్పలే. గడప మీద జర ముందుకు జరిగి, "మరి నా వంతెప్పుడు?" అన్నడు. ఆ గొంతు గూడ నాకు తెలిసిన గొంతే. నా మొకమే చూస్తున్నడని తెలుస్తున్నది. ఒక్కపాలి తల ఎత్తి చూస్తె ఏం పోతది, అనుకున్న. కానీ ఇందు చెయ్యి మారోతి మీద ఉన్నది. ఎటు దించుతదో చూడాలె.